కుర్చీలోనే సూర్య నమస్కారం



మధ్యాహ్నం భోజనాలయి, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చుదామనుకునే వేళకి వచ్చి మిమ్మల్ని పలకరిస్తున్నాను. ఈ పూట మాట యోగాసనాల గురించి. "అబ్బ, మళ్లీ యోగాసనాలేనా!" అని అప్పుడే రేడియో చెవి మెలెయ్యకండి. నేను చెప్పబోయేవి మనం చెయ్యవలసినవి కావు. మన అమ్మగార్లూ, అత్తగార్లూ, వాళ్ల ఈడువాళ్లూ, అందులోనూ వృద్ధాశ్రమాల్లో ఉంటున్న పెద్దవాళ్లూ కుర్చీలో కూర్చునీ, మంచం మీద పడుకునీ చెయ్యగలిగినవి.

2025 జూన్ 21న అంతర్జాతీయ యోగా దినం మన ఉత్తరాంధ్రలో ఎంత ఘనంగా జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. విశాఖపట్నం ఆర్.కె. బీచి మొదలుకుని మన విజయనగరం జిల్లా భోగాపురం దాకా సముద్రం ఒడ్డునే చాపలు పరిచారు. ప్రధానమంత్రిగారు వచ్చారు. మూడు లక్షల మంది ఒక్కసారి చేతులెత్తారు. ఆ మర్నాడు నేను శ్రీకాకుళం ఊరి బయట ఒక వృద్ధాశ్రమానికి వెళ్లాను. మా వీధి ఆడవాళ్లం కొందరం అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లి వస్తుంటాం. హాల్లో టీవీలో ఇంకా అవే దృశ్యాలు వేస్తున్నారు. చూస్తున్న ఒక మామ్మగారిని "మీరూ చేస్తారా మామ్మా?" అని పరిహాసంగా అడిగాను. ఆవిడ నావైపు తిరిగి, "నానేటి, యోగాలేటి తల్లీ! కూకుంటే నెగనేను, నెగిస్తే కూకోనేను. ఆ సాపల మీద కూకోబెడితే మరి నలుగురొచ్చి నెగదియ్యాలి నన్ను" అంది.

అందరం నవ్వాం. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాటే నా మనసులో మెదులుతూ ఉండిపోయింది. దానికో కారణం ఉంది, అది చెప్పుకోవడానికి నాకు కొంచెం సిగ్గుగానే ఉంది.

మా అత్తగారు ఒకనాడు పెరట్లో నూతి చప్టా దగ్గర జారిపడ్డారు. ఎముక విరగలేదు. తొడ కమిలింది, అంతే. చూసిన డాక్టరుగారు "రెండు రోజులాగి మెల్లిగా నడిపించండమ్మా" అనే చెప్పారు. నేనే వినలేదు. "మీరు కదలకండి అత్తయ్యగారూ, నేనున్నానుగా" అన్నాను. కాఫీ మంచం దగ్గరికే, భోజనం మంచం దగ్గరికే, ఆఖరికి ఒళ్లు తుడవడం కూడా మంచం మీదే. చూడవచ్చినవాళ్లంతా కోడలంటే ఇలా ఉండాలన్నారు. నాకూ ఆ మాట బాగానే ఉంది. మూడు వారాలయ్యాక ఆవిడ లేవబోతే కాళ్లు నిలవలేదు. ఆ తర్వాత బతికిన రెండేళ్లూ మంచానికే అతుక్కుపోయారు. ప్రతి అవసరానికీ ఇంకొకరి చెయ్యి పట్టుకోవలసి వచ్చినప్పుడు ఆవిడ మొహం గోడవైపు తిప్పుకునేవారు. పడ్డ దెబ్బ వల్ల కాదు, నేను చేసిన సేవ వల్లే అలా అయ్యారని నాకు చాలా రోజుల దాకా తెలియలేదు.

ఎందుకలా అవుతుందో చెబుతాను వినండి. మన ఒంట్లో కండ అనేది వాడకుండా అట్టేపెడితే నిలవుండే సరుకు కాదు. అమెరికాలో కొందరు పరిశోధకులు, సగటున అరవై ఏడేళ్ల వయసుండి ఏ జబ్బూ లేని పదకొండు మందిని పది రోజులపాటు మంచం మీదే ఉంచి చూశారు. 2007లో ఆ సంగతి వైద్యపత్రికలో అచ్చయింది. పది రోజుల్లో ఒక్కొక్కరికి కాళ్లలోని కండ దాదాపు ఒక కిలో తరిగిపోయింది! జ్వరం లేదు, పస్తు లేదు, ఊరికే పడుకున్నందుకే. ఈసారి బజారులో కిలో కందలు తూయించినప్పుడు చేత్తో పట్టుకుని చూడండి, అదెంతో తెలుస్తుంది. వయసులో ఉన్నవాళ్లకయితే లేచి తిరిగితే మళ్లీ పడుతుంది. ఎనభై ఏళ్ల మనిషికి అంత తేలిగ్గా పట్టదు.

ఇక పడిపోవడం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం అరవై అయిదు దాటినవాళ్లలో ఏటా నూటికి 28 నుంచి 35 మంది ఎప్పుడో ఒకప్పుడు పడతారు. ఆశ్రమాల వంటి చోట్ల ఉండేవాళ్లలో అయితే 30 నుంచి 50 మంది. అక్కడ ఎత్తుపల్లాలు తక్కువ, పట్టుకోవడానికి కమ్ములుంటాయి, మరి పడటం ఎందుకు ఎక్కువంటారా? బలహీనులే అక్కడికి చేరతారన్నది ఒక కారణం. పొద్దస్తమానం కూర్చునే ఉండటం రెండోది. నిర్వాహకులు కూడా చెడ్డవాళ్లేం కాదు. పడతారేమో అన్న భయంతో కూర్చోబెడతారు. కూర్చుని కూర్చుని కాళ్లు నీరసిస్తాయి. నీరసించిన కాళ్లతో లేస్తే పడతారు. పడ్డారు గనుక ఇంకా ఎక్కువసేపు కూర్చోబెడతారు.

ముసలితనంలో పోయిన బలం తిరిగి రాదనే మనందరి నమ్మకం. 1990లో బోస్టను నగరంలోని ఒక వృద్ధుల ఆసుపత్రిలో దానికి ఎదురు జవాబు దొరికింది. తొంభై ఏళ్ల చుట్టుపక్కల ఉన్న పదిమందిని ఎంచుకుని, ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. చివరిదాకా చేసినవాళ్ల కాళ్ల బలం సగటున రెండింతలకు పైగా పెరిగింది. ఇద్దరయితే చేతికర్ర లేకుండా నడిచారు. అది యోగా కాదు, బరువుల సాధన. అయినా తొంభై ఏళ్లకు కూడా కండ మాట వింటుందని చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

అయితే యోగా ఎందుకు, నాలుగు అడుగులు వేయిస్తే చాలదా అని మీరడగవచ్చు. నడవగలిగినవాళ్లు నడవవలసిందే. నడవలేనివాళ్లకీ, నడవడానికి భయపడేవాళ్లకీ ఏం చెయ్యాలన్నదే మన ప్రశ్న. యోగాలో మూడు సంగతులు కలిసి ఉన్నాయి. కీళ్లు మెల్లిగా కదులుతాయి, ఊపిరి కదలికతో జతపడుతుంది, మనసు చేస్తున్న పనిమీద నిలబడుతుంది. పెద్దవాళ్లు పడేది కాలు బలహీనమయి మాత్రమే కాదు, అడుగు వేస్తూ ధ్యాస ఎక్కడో పెట్టడం వల్ల కూడా.

పాతకాలంలో మాత్రం ఇలాంటి మార్పులు ఒప్పుకునేవారా అంటే, మార్చి నేర్పినవాళ్లు మహామహులే. 1918లో కర్ణాటకలో బెల్లూరు గ్రామంలో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగారు చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ, అన్నీ అనుభవించిన రోగిష్టి పిల్లవాడు. తర్వాత పూనాలో గురువై, తన దగ్గరికి వచ్చిన జబ్బుమనుషుల కోసం ఇనప మడతకుర్చీలూ, పట్టీలూ, చెక్కదిమ్మలూ, దుప్పట్లూ ఆసనాల్లోకి తెచ్చారు. మనిషి ఆసనానికి వంగలేనప్పుడు ఆసనాన్నే మనిషికి అందేటట్టు చేశారన్నమాట. ఆయనకి గురువూ, బావగారూ అయిన కృష్ణమాచార్యులవారు 1888లో పుట్టి 1989 వరకూ, నిండు నూరేళ్లు జీవించారు. 96వ ఏట ఆయనకి తుంటి ఎముక విరిగితే ఆపరేషను వద్దని, మంచం మీదే చేసుకునే సాధన తనే కూర్చుకున్నారట. ఇది విని ఎవరూ ఆపరేషన్లు మానిపించకండి సుమా! తుంటి విరిగితే ఇప్పుడు ఆపరేషనే దారి. పడుకుని కూడా సాధన చెయ్యవచ్చునన్నంతవరకే మనకి కావలసింది. ఇక ఇప్పుడు అందరూ చైర్ యోగా అంటున్నారే, దాన్ని 1982లో అమెరికాలో ఒక పద్ధతిగా కూర్చినావిడ పేరు లక్ష్మీ వోల్కర్. పేరు విని మన అమ్మాయే అనుకునేరు, అమెరికా ఆవిడే. కీళ్లవాతంతో నేలమీద కూర్చోలేని ఒక శిష్యురాలి కోసం మొదలుపెట్టారట.

మన దేశంలో ఆశ్రమాల్లోనే జరిగిన పరీక్షలు కూడా ఉన్నాయి. బెంగళూరు పరిశోధకులు ఒక వృద్ధాశ్రమంలోని 69 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి యోగా, ఒక జట్టుకి ఆయుర్వేద ఔషధం, ఒక జట్టుకి ఏమీ లేదు. ఆరు నెలల తర్వాత చూస్తే యోగా జట్టువాళ్లకి నిద్రపట్టడానికి పట్టే సమయం పది నిమిషాలు తగ్గింది, మొత్తం నిద్ర గంటసేపు పెరిగింది. మిగిలిన రెండు జట్లలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఇది 2005లో ప్రకటించారు. 2013లో బెంగళూరులోని నిమ్హాన్స్ వాళ్లు తొమ్మిది వృద్ధాశ్రమాల నుంచి 120 మందితో చేసిన పరీక్షలో కూడా నిద్రా, జీవితం మీద తృప్తీ మెరుగుపడినట్టే తేలింది. 2019లో ఇలాంటివి 22 పరీక్షలు గుదిగుచ్చి చూసినప్పుడు, పెద్దవాళ్లకి తూకం నిలవడంలో, కాళ్ల బలంలో, దిగులు తగ్గడంలో మేలు కనిపించింది. నిద్రమాత్ర వేసుకున్న ముసలివాళ్లు అర్ధరాత్రి తూలి పడటం మీరు చూసే ఉంటారు. ఆ మాత్ర అవసరం కాస్త తగ్గినా ఎంత లాభమో ఆలోచించండి. అలాగని డాక్టరుని అడగకుండా మనమే మాత్ర మానిపించకూడదు.

సరే, మామ్మగారి మాట విన్న తర్వాత మేం ఊరుకోలేదు. మా ఊళ్లో యోగా నేర్పే ఒక మాస్టారినీ, ఫిజియోథెరపీ చేసే ఒక అమ్మాయినీ కూర్చోబెట్టి ఏవి చేయించవచ్చో, ఏవి కూడదో రాసుకున్నాం. ఆశ్రమానికి వచ్చే డాక్టరుగారి చేత ఎవరెవరు చెయ్యవచ్చో చీటీ రాయించుకున్నాం. మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. వాళ్లలో నలుగురు ఉప్మా పెడతామనుకుని వచ్చినవాళ్లు.

మొట్టమొదట తెలుసుకున్నది కుర్చీ సంగతి. మన హాళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీలు గచ్చు మీద జారుతాయి, బరువు ఒక పక్క పడితే కాలు విచ్చుకుంటుంది. చేతులున్న చెక్క కుర్చీగాని, ఇనప కుర్చీగాని మేలు. వెనక్కి గోడ ఆనేటట్టు వెయ్యాలి. కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. మన మామ్మలు పొట్టివాళ్లు, చాలామందికి ఆనవు. మేం పాత పీటలు కాళ్లకింద పెట్టాం. లేచి నిలబడే ముందు మాత్రం పీట తీసెయ్యాలి, లేకపోతే దానిమీంచే పడతారు. మేజోళ్లు వద్దు, చెప్పులు వద్దు, ఉత్తకాళ్లే మంచిది. కాలికి స్పర్శ తెలియని షుగరు మనిషయితే మడమకి పట్టీ ఉన్న చెప్పులుండాలి. చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపించాలి. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి బ్రేకు వేసి, పాదాల పలకలు పక్కకి మడిచెయ్యాలి. టిఫిను తిని గంటన్నర అయ్యాకా, బాత్రూముకి వెళ్లొచ్చాకా మొదలుపెట్టడం మంచిది. మధ్యలో లేస్తామంటారన్న హడావిడి ఉండదు.

మొదలు మడమల దగ్గర్నుంచి. పాదం ముందుకి చాపడం, వెనక్కి లాగడం, గుండ్రంగా తిప్పడం. ఇది చిన్న పని అనుకోకండి. పిక్కల్లోని కండ బిగిసి వదిలినప్పుడల్లా కాళ్లలో దిగిన రక్తాన్ని పైకి తోస్తుంది, సాయంత్రానికి పాదాలు వాచేవాళ్లకి సుఖంగా ఉంటుంది. తర్వాత ఒక్కొక్క కాలూ మోకాలి దగ్గర చాపి, మూడు లెక్కపెట్టేదాకా నిలిపి, దించడం. తర్వాత ఊపిరి పీలుస్తూ రెండు చేతులూ వీలయినంత పైకెత్తడం, వదులుతూ దించడం. భుజం పట్టేసినవాళ్లు ఛాతీ దాకా ఎత్తినా చాలు. ఎవరి చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడిదే వాళ్ల ఆసనం. మేం పక్కవాళ్లతో పోల్చనివ్వం. అయినా పోల్చుకుంటారు, అది వేరే సంగతి.

తర్వాత సూర్య నమస్కారం. అరసవల్లి సూర్యనారాయణస్వామి సన్నిధిలో సూర్య నమస్కారాలు చేయించుకోవడం మనకి కొత్తా? మార్చిలోనూ, అక్టోబరులోనూ ఉదయకిరణాలు స్వామి పాదాల మీద పడే రోజుల్లో ఎక్కడెక్కడి వాళ్లో వస్తారు. ఇందాకటి మామ్మగారు కూడా ఏటా రథసప్తమికి వెళ్లి దండాలు పెట్టి వచ్చిన మనిషే. మోకాళ్లు పోయాక గుడి మానేశారు. కుర్చీలో చేసే నమస్కారం ఇలా ఉంటుంది. చేతులు జోడించాలి. ఊపిరి పీలుస్తూ చేతులు పైకెత్తాలి. వదులుతూ, వెన్ను నిటారుగా ఉంచి తుంటి దగ్గర మాత్రమే కాస్త వంగి, అరచేతులు తొడల మీంచి మోకాళ్ల దాకా జార్చాలి. పీలుస్తూ లేచి ఛాతీ విప్పాలి. కుడి మోకాలు కొంచెం పైకెత్తి దించాలి, తర్వాత ఎడమది. మళ్లీ చేతులు జోడించాలి. ఒక్కొక్కదానికి మిత్ర, రవి, సూర్య, భాను అని స్వామి పేర్లు చెప్పుకుంటే పన్నెండు. మేం మూడుతో మొదలుపెట్టాం. మా ఆశ్రమంలో క్రైస్తవులూ, ముస్లింలూ కూడా ఉన్నారు. వాళ్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడతారు, ఒకావిడ యేసు నామం చెప్పుకుంటారు. భుజాలకి ఏ పేరయినా ఒకటే.

అన్నిటికన్నా ముఖ్యమయినది కుర్చీలోంచి లేవడం. దానికి సంస్కృతం పేరేమీ లేదు. కుర్చీ అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి లాగాలి. మొండెం ముందుకి వంచి, ముక్కు మోకాళ్లు దాటేదాకా వచ్చి, ఊపిరి వదులుతూ లేవాలి. కూర్చునేటప్పుడు ధభీమని పడకుండా మెల్లిగా దిగాలి. నిజానికి దిగడమే ఎక్కువ బలాన్నిస్తుంది. మొదట చేతులానించి మూడుసార్లు, నెల తర్వాత అయిదుసార్లు. పక్కన ఒకరు నిలబడి ఉండాలి, చంకల కింద చేతులు పెట్టి లాగకూడదు. మీరూ ఇంట్లో పరీక్షించుకోండి. చేతులు గుండెల మీద కట్టుకుని ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అరవై అయిదు నుంచి అరవై తొమ్మిది మధ్య ఆడవాళ్లు పదకొండుసార్లు, ఎనభై నుంచి ఎనభై నాలుగు మధ్యవాళ్లు తొమ్మిదిసార్లు లేవలేకపోతే పడే ప్రమాదం ఉన్నట్టేనని అమెరికా ఆరోగ్యశాఖ వాళ్ల లెక్క. ఇంకా యాభై కూడా రాని నాకు పధ్నాలుగుకే ఆయాసం వచ్చింది. ఆ సంగతి మా వారికి చెప్పలేదు.

లేవగలిగినవాళ్లు కుర్చీ వెనక నిలబడి, వీపు పట్టుకుని మడమలెత్తి దించవచ్చు. ఒక పాదం మునివేళ్లు మాత్రం నేల కానించి, రెండో కాలిమీద నిలబడితే అదే వాళ్లకి వృక్షాసనం.

ఇక్కడ మగవాళ్ల ముచ్చటొకటి చెప్పాలి. వాళ్లు మొదటి వారం కిటికీ దగ్గర నిలబడి చూశారు, అంతే. ఒక తాతగారు కోడి రామ్మూర్తినాయుడుగారి కథ ఎత్తుకున్నారు. వీరఘట్టంలో పుట్టి, ఛాతీకి చుట్టిన ఇనప గొలుసును ఊపిరి పూరించి తెంచేవాడనీ, గుండెల మీద ఏనుగునెక్కించుకునేవాడనీ మనం చిన్నప్పట్నుంచీ వింటున్నదే. "అదీ యోగమంటే, ఇదేటి, కుర్చీలో కూకుని ఆడోలి ఆటలు" అన్నారాయన. మా మాస్టారు ఓపిగ్గా చెప్పారు. రామ్మూర్తినాయుడుగారి ప్రాణాయామం ఏళ్ల తరబడి సాధన చేసిన మల్లుడిది. బి.పి. ఉన్న పెద్దవాళ్లు ఊపిరి బిగబట్టి ముక్కితే రక్తపోటు చటుక్కున లేస్తుంది. కనుక వీళ్లకి బిగబట్టడం అసలు లేదు, పీల్చినదానికంటే నిదానంగా వదలడమే. నాలుగు లెక్కకి పీల్చి, ఆరు లెక్కకి వదిలితే చాలు. చివర తుమ్మెద నాదంలా "మ్" అనే భ్రామరి మూడుసార్లు. ఆ తాతగారి భ్రామరి ఇప్పుడు వంటింటి దాకా వినిపిస్తుంది.

కూడని పనులు కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే టీవీ చూసి చేయించేవాళ్లు ఎక్కువయ్యారు. కపాలభాతి, భస్త్రిక లాంటి విసురు ఊపిరి బి.పి., గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లకి వద్దు. గ్లకోమా ఉన్నవాళ్లు, కంటి ఆపరేషను కొత్తగా అయినవాళ్లు తల కిందికి వంచకూడదు. మెడ వెనక్కి వేలాడేసి గుండ్రంగా తిప్పడం ఎవరికీ వద్దు. తుంటి కీలు మార్పించుకున్నవాళ్లు కాలు మీద కాలు వెయ్యకూడదు, బాగా ముందుకి వంగకూడదు. ఎముకలు గుల్లబారిన ఆడవాళ్ల సంగతి మరీ జాగ్రత్త. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 1984లో వెన్నెముక గుల్లబారిన ఆడవాళ్లని కొన్నాళ్లు గమనించారు. నడుం ముందుకి వంచే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో నూటికి 89 మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. వెన్ను నిటారుగా, వెనక్కి సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లలో 16 మందికే. అందుకే ఇందాక వెన్ను వంచకుండా తుంటి దగ్గర వంగమన్నాను. మన ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో డయాలిసిస్ చేయించుకునేవాళ్లు చాలామంది ఉన్నారు గదా, వాళ్లు సూదులు గుచ్చే చేతి మీద బరువు ఆనించకూడదు. కళ్లు తిరిగినా, ఛాతీ పట్టినా వెంటనే ఆపెయ్యాలి. నొప్పి ఓర్చుకోవడం ఇందులో గొప్పేమీ కాదు.

మతిమరుపు ముదిరినవాళ్లని ఏం చెయ్యాలో మాకు తోచలేదు. "చేతులెత్తండి" అంటే ఎత్తరు, ఎందుకన్నట్టు చూస్తారు. ఒకావిడ మాటే మానేశారు. యోగాలో చక్కీచలనాసనం అని ఒకటుంది, తిరగలి విసిరినట్టు రెండు చేతులూ కలిపి గుండ్రంగా తిప్పడం. అది చేయిస్తూ మాలో ఒకావిడ ఊరికే, "మామ్మా, పప్పు ఇసరాల, రా" అంది. ఆ మాటలేని మనిషి చేతులు చాపి, పిడి పట్టుకున్నట్టే పట్టుకుని, ఎదురుగా ఇంకొకరున్నట్టు లయ తప్పకుండా విసరడం మొదలుపెట్టారు! నడుమూ, భుజాలూ, మణికట్టూ, అన్నీ కదిలాయి. మధ్యలో ఎడమచేత్తో గింజలు కూడా పోశారు. అప్పట్నుంచి మేం ఆసనాల పేర్లు మానేశాం. చేటతో చెరగడం, చల్ల చిలకడం, నూతిలోంచి చేద లాగడం, ఇవే చెబుతాం. ఒకే వేళకి, ఒకే వరసలో, ఎదురుగా నిలబడి మనమూ చేస్తే వాళ్లు చూసి చేస్తారు.

మంచం దిగలేనివాళ్లకి పది నిమిషాలు చాలు. పాదాలు ఆడించడం, మోకాలు ముడిచి చాపడం, పిడికిలి మూసి తెరవడం, పొట్టమీద చెయ్యి వేసుకుని ఊపిరికి ఆ చెయ్యి లేచి దిగడం చూసుకోవడం. అటూ ఇటూ ఒత్తిగిల్లడం సొంతంగా చెయ్యగలిగితే పుళ్లు పడవు, ఆయాల నడుములూ నిలుస్తాయి. ఆ ఆయాలు కూడా మాతోపాటు చేస్తుంటారు. ఇద్దరికి నడుంనొప్పి తగ్గిందన్నారు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టంలో ప్రతి జిల్లాలోనూ కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేలా ఒక ఆశ్రమం ఉండవచ్చునని రాశారు. చట్టం మాట అలా ఉంచండి. మన పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫులోనో ఉంటారు, పెద్దవాళ్లని ఆశ్రమంలో పెట్టినవాళ్లందరినీ రాతిగుండెవాళ్లని నేననను. కాని చూడటానికి వెళ్లినప్పుడు మనం అడిగేవేమిటి? భోజనం బాగుందా, ఫ్యాను తిరుగుతోందా, దుప్పటి ఉతికారా. ఇంకొకటి కూడా అడగండి: మా అమ్మని రోజుకి ఎన్నిసార్లు కుర్చీలోంచి లేపుతున్నారు? సమాధానం చెప్పలేకపోతే, మీరే అక్కడ అరగంట కూర్చుని ఆవిడతో అయిదుసార్లు లేచి కూర్చోండి. పళ్లు తీసుకెళ్లడం ఎలాగూ ఉంటుంది.

మా మామ్మగారి మోకాళ్ల నొప్పి పోలేదు. పోతుందని మేం చెప్పనూ లేదు. చాప మీద ఇప్పటికీ కూర్చోలేరు. ఎనిమిది నెలలయ్యాక ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "రాత్రేల ఆయమ్మని నెగదీత్తం లేదే, నానే నెగిసి ఎల్లొత్తన్నాను" అంది, ఎవరికీ వినపడకుండా. అని, కుర్చీ చేతులు పట్టుకుని లేచి చూపించింది. రెండోసారి చేతులు పట్టుకోకుండా లేచింది. మూడోసారి లేవబోతుంటే నేనే చాలు మామ్మా అన్నాను. "నువ్వూరుకో" అంది.

టైమయిందని లోపల్నుంచి సైగ చేస్తున్నారు. ఉంటానండి, నమస్కారం.